కండువాల లెక్క: ఎన్నికల్లో జెండాలు, టోపీలు కొన్నా, పంచినా, అమ్మినా ఖర్చు రాయడం ఎలా

నామినేషన్ల వారం వచ్చిందంటే రాజమండ్రి తాడితోట బట్టల కొట్ల నుంచి అమలాపురం, పాలకొల్లు, భీమవరం దాకా జెండా గుడ్డకే గిరాకీ. టైలరు దగ్గర పెళ్లి జాకెట్లు పక్కకు పోతాయి, మిషను మీదకు కండువాల అంచులు ఎక్కుతాయి. సరుకు రాత్రికి రాత్రే ఊళ్లకు చేరిపోతుంది గానీ దాని బిల్లు మాత్రం ఎక్కడో ఆగిపోతుంది. ఫలితాలు వచ్చాక కలెక్టరేట్‌లో లెక్క చూపించాల్సిన రోజున ఆ బిల్లు కోసం వెతుకులాట మొదలవుతుంది. అభ్యర్థి తరఫున లెక్కలు రాసేవాళ్లకీ, ఎన్నికల ఏజెంట్లకీ, ప్రెస్సులు నడిపేవాళ్లకీ, కండువాలు అమ్మే కొట్లవాళ్లకీ ఆ తిప్పలు తప్పాలని ఇది రాస్తున్నాను.

ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే తేలుతుంది. చట్టం చూసేది గుడ్డ ధర ఒక్కటే కాదు. అది ఎవరి డబ్బుతో, ఎవరి మాట మీద జనం మెడలోకి వెళ్లిందన్నది అంతకన్నా ముఖ్యం. అదే కండువాను కొట్టువాడు అమ్మితే వ్యాపారం, అభ్యర్థి పంచితే ఎన్నికల ఖర్చు, అభిమాని కొని పంచితే ముందుగా రాతపూర్వక అనుమతి కావాల్సిన ఖర్చు, పార్టీ కౌంటరు పెట్టి అమ్మితే పార్టీ ఆదాయం.

1. ముందు సరుకును రెండు కుప్పలు చేయండి

టోపీ, కండువా, మాస్కు, జెండా, బ్యాడ్జి, స్టిక్కరు ఒక కుప్ప. వీటిని ప్రచారంలో వాడుకోవచ్చు. ఎన్నికల సంఘం పెట్టిన షరతు ఒక్కటే: అభ్యర్థి ఖర్చులో చూపించాలి. చీర, చొక్కా లాంటి ప్రధాన దుస్తులు రెండో కుప్ప. పార్టీ గానీ అభ్యర్థి గానీ వీటిని సరఫరా చేయడం, పంచడం కుదరదు, ఓటరుకు లంచం కింద లెక్కకట్టే అవకాశం ఉంది. టీషర్టు మాటేమిటని చాలామంది అడుగుతారు. అదీ చొక్కానే అనుకుని దూరంగా ఉంటే మంచిది. వీపు మీద గుర్తు అచ్చు వేయించినంత మాత్రాన చొక్కా కండువా అయిపోదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఇక్కడి పార్టీల గుర్తులు చాలావరకు ఇంట్లో వాడే వస్తువులే: సైకిల్, ఫ్యాను, గాజు గ్లాసు. గుర్తు బొమ్మ ఉన్న స్టిక్కరు ప్రచార సామగ్రి. ఆ వస్తువునే కొని ఇంటింటికీ ఇస్తే అది కానుక. దాన్ని ఖర్చులో రాసి చూపించినా తప్పు ఒప్పు కాదు. లంచం ప్రజాప్రాతినిధ్య చట్టం 123 సెక్షన్ కింద అవినీతి చర్య, భారతీయ న్యాయ సంహిత కింద నేరం కూడా.

ప్లాస్టిక్ జెండాల జోలికి అసలు పోవద్దు. 2022 జులై 1 నుంచి వాటి తయారీ, అమ్మకం, వాడకం దేశమంతా నిషేధం. 100 మైక్రాన్ల కన్నా పల్చటి పీవీసీ బ్యానర్లకూ అదే వర్తిస్తుంది.

2. ఖాతా తెరవకుండా బేరం ఆడొద్దు

నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చు కోసమే ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరవాలి. అభ్యర్థి సొంత డబ్బైనా, పార్టీ ఇచ్చిందైనా, బావమరిది సర్దిందైనా ముందు ఆ ఖాతాలో పడి, అక్కడి నుంచే బయటకు వెళ్లాలి. మొత్తం ఎన్నికల కాలంలో ఒక మనిషికి గానీ ఒక కొట్టుకు గానీ నగదుగా ఇవ్వగలిగేది 10,000 రూపాయలే. అంతకు మించితే చెక్కు, డీడీ, లేదా ఆన్‌లైన్ బదిలీ. ఒకరి దగ్గర నగదు విరాళం తీసుకోవడానికీ అదే హద్దు.

'మొత్తం ఎన్నికల కాలంలో' అన్న ముక్క చాలామంది చదవరు. ఒకే కొట్టుకు సోమవారం 6,000, గురువారం 6,000 నగదు ఇస్తే అప్పటికే హద్దు దాటినట్టు.

మొత్తం ఖర్చు పరిమితులు కూడా తెలిసి ఉండాలి. 2022 జనవరి సవరణ ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు. గౌతమి మీద వంతెన దాటి యానాంలో అడుగుపెడితే మాత్రం పుదుచ్చేరి లెక్క, అసెంబ్లీకి 28 లక్షలు. ఎన్నికలూ వేరే ఏడాదిలో వస్తాయి. వంతెనకు ఇవతలి ఎదుర్లంక వైపు వాళ్లూ యానాం వాళ్లూ ఒకే కొట్టులో కండువాలు కొనొచ్చు, లెక్క మాత్రం వేర్వేరు ప్రధాన ఎన్నికల అధికారుల కిందకు వెళ్తుంది.

3. బిల్లు ఎలా ఉండాలి

ఒక ఉదాహరణ వేసుకుందాం. అమలాపురం అసెంబ్లీ అభ్యర్థి 3,000 కండువాలు ఒక్కోటి 20 రూపాయల చొప్పున, 1,500 టోపీలు 15 చొప్పున తీసుకున్నాడు. కండువాలకు 60,000, టోపీలకు 22,500, మొత్తం 82,500. సులువుగా ఉండాలని పన్నును ధరలోనే కలిపేశాను.

'ప్రచార సామగ్రి: 82,500' అని ఒకే వరుసలో రాసిన బిల్లు దండగ. ఎన్ని కండువాలు, ఒక్కోటి ఎంత, ఏ సైజు, ఒక రంగా రెండు రంగులా, కుట్టినవా అచ్చు వేసినవా అన్నీ విడివిడిగా ఉండాలి. కొట్టు పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ తప్పనిసరి. కొనుగోలుదారు గడిలో అభ్యర్థి పేరు గానీ ఎన్నికల ఏజెంటు పేరు గానీ రాయించండి. 'క్యాష్' అని రాసిన బిల్లు ఎవరిదైనా కావచ్చు. ఈ వివరాల మీద ఇంత పట్టుదల ఎందుకో తొమ్మిదో మెట్టు దగ్గర తెలుస్తుంది.

ఇక రిజిస్టరు. నామినేషన్ వేసేటప్పుడు రిటర్నింగ్ అధికారి ఇచ్చే పుస్తకంలో మూడు రంగుల కాగితాలుంటాయి. తెల్లవి రోజువారీ ఖర్చుకు, గులాబీవి నగదుకు, పసుపువి బ్యాంకుకు. సరుకు దిగిన రోజునే తెల్ల కాగితం మీద 82,500 ఎక్కాలి, డబ్బు తర్వాత ఇస్తామన్నా సరే. ఎంత చెల్లించాం, ఎంత బాకీ, ఎవరికి బాకీ అన్నది ఎన్నికల నిర్వహణ నియమావళిలోని 86వ నియమం అడుగుతుంది. చెక్కు ఇచ్చిన రోజున పసుపు కాగితం మీదకు వెళ్తుంది. కండువాల మూటలు ఊరికి తెచ్చిన ఆటోకు 900 నగదు ఇస్తే అది తెలుపులో ఒకసారి, గులాబీలో ఒకసారి. వోచర్లకు తేదీ వరుసలో నంబర్లు వేయాలి. ఆ నంబర్లు వేయాల్సింది అభ్యర్థో ఎన్నికల ఏజెంటో, కొట్టువాడు కాదు.

దీనికి తోడు చట్టం అడగని పుస్తకం ఒకటి పెట్టుకోమంటాను: స్టాకు పుస్తకం. ఏ తేదీన, ఏ ఊరికి, ఎన్ని కండువాలు, ఎవరి చేతికిచ్చాం. మామూలు నోటు పుస్తకం చాలు, తీసుకున్నవాళ్ల సంతకం ఉంటే మరీ మంచిది. మిగిలిపోయిన సరుకు కొట్టువాడు వెనక్కి తీసుకుంటే ఆ మేరకు బిల్లు తగ్గించినట్టు క్రెడిట్ నోటు రాయించుకోండి. మిగిలింది కదా అని ఖర్చులోంచి మీ అంతట మీరు కొట్టేయకండి.

4. ప్రెస్సువాళ్ల వంతు

కరపత్రం, పోస్టరు అచ్చు వేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ పట్టుకుంటుంది. అచ్చు వేసినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా కాగితం మీదే కనిపించాలి. వేయించుకునే మనిషి సంతకం చేసి, తనను ఎరిగిన ఇద్దరి చేత ధ్రువీకరణ చేయించిన ప్రకటన రెండు ప్రతులు ఇవ్వాలి. అది చేతికి రాకుండా మిషను ఆన్ చేయొద్దు. అచ్చు అయిన మూడు రోజుల్లోపు నాలుగు ప్రతులను, ఎన్ని వేశారో ఎంత తీసుకున్నారో తెలిపే పత్రంతో సహా జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు పంపాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 దాకా జరిమానా, లేదా రెండూ. సభ ఎక్కడ, ఎప్పుడు అని మాత్రమే చెప్పే చీటీకి ఈ బాధ లేదు.

ఫ్లెక్సీలకూ స్టిక్కర్లకూ ఇదే పద్ధతి పాటించడం తెలివైన పని. ప్రెస్సు పంపిన ఆ పత్రం చివరికి వ్యయ పరిశీలకుడి, అంటే ఖర్చులు చూడటానికి ఎన్నికల సంఘం పంపే అధికారి బల్ల మీదకే చేరుతుంది. అందులో 10,000 కరపత్రాలనీ, అభ్యర్థి రిజిస్టరులో 4,000 అనీ ఉంటే దొరికిపోయినట్టే.

5. ఎవరి ఖాతాలో రాయాలి

చట్టం ప్రకారం అభ్యర్థి లెక్క నామినేషన్ రోజు మొదలై ఫలితం ప్రకటించిన రోజుతో ముగుస్తుంది. ఇది చూసి 'సంక్రాంతికి ముందే కొట్టించాం, లెక్కలోకి రాదు' అంటుంటారు. వస్తుంది. నామినేషన్‌కు ముందు తయారు చేయించినా, తర్వాత వాడిన సామగ్రి ఖర్చు చూపించాల్సిందేనని ఎన్నికల సంఘం స్పష్టంగా చెప్పింది. కాబట్టి నామినేషన్ రోజున గోదాంలో ఉన్న సరుకును పాత బిల్లులతో సహా మొదటి పేజీలోనే ఎక్కించేయండి.

పార్టీ కార్యాలయం నుంచి లారీలో దిగిన కండువాల్లో అభ్యర్థి పేరో ఫొటోనో ఉంటే అవి అతని ఖర్చే. పార్టీ రంగు, గుర్తు మాత్రమే ఉండి రాష్ట్రమంతటికీ చేయించినవైతే పార్టీ సాధారణ ప్రచారం కింద పార్టీ చూపించుకుంటుంది. కానీ అవే కండువాలు అభ్యర్థి ర్యాలీలో అతని పక్కనే జనం మెడల్లో ఊగుతుంటే పార్టీ ఖాతా అనే వాదన నిలవడం కష్టం. తెల్ల కాగితంలో పార్టీ పెట్టిన ఖర్చుకు విడిగా గడి ఉంది, అందులో రాయండి.

మన దగ్గర 2024లో జరిగినట్టు అసెంబ్లీ, లోక్‌సభ కలిసి వస్తే ఒకే కండువా మీద ఇద్దరి ఫొటోలు పడతాయి. వేదిక పంచుకున్న అభ్యర్థులు సభ ఖర్చు పంచుకున్నట్టే దీన్నీ పంచుకోవాలి. అమలాపురం లోక్‌సభ పరిధిలో ఏడు అసెంబ్లీ స్థానాలున్నాయి. ఎంపీ అభ్యర్థి మనిషి ఏడుగురి లెక్కగాళ్లతో కూర్చుని ఎవరి వాటా ఎంతో ముందే రాతలో పెట్టుకోకపోతే ఒకే మూట రెండుసార్లు ఎక్కుతుంది, లేదా అసలు ఎక్కదు.

6. అభిమానులు తెచ్చిన సరుకు

నాకు అన్నిటికన్నా భయం వేసేది ఫ్రీగా వచ్చిన సరుకంటేనే. ముమ్మిడివరం వైపు రొయ్యల చెరువుల ఆసామి 'అన్నా, నా తరఫున 500 కండువాలు' అని మూట దింపి వెళ్తాడు. కాదనలేం. కానీ అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని గెలుపు కోసం ఎవరైనా ఖర్చు పెడితే, పెట్టినవాళ్ల మీద భారతీయ న్యాయ సంహిత 176 సెక్షన్ కింద కేసు అవుతుంది. చట్టం ఒక చిన్న వెసులుబాటు ఇచ్చింది: 10 రూపాయలకు మించని ఖర్చయితే 10 రోజుల్లోపు అభ్యర్థి ఆమోదం తెచ్చుకుంటే చాలు. ఆ డబ్బుకు ఇవాళ సరైన కండువా ఒక్కటీ రాదు.

చేయాల్సింది ఇది. మూట దింపకముందే ఆసామి పేరు మీద ఫలానా సరుకు, ఇంత విలువ అని అనుమతి పత్రం ఇవ్వాలి. అతని దగ్గరి బిల్లు నకలు తీసుకోవాలి. రిజిస్టరులో 'ఇతరులు పెట్టిన ఖర్చు' గడిలో పేరుతో సహా రాయాలి. ఎవరికి వారు ఒక కండువా కొనుక్కుని మెడలో వేసుకుని వచ్చిన కార్యకర్తతో పెద్ద పేచీ లేదు. మూటలతోనే పేచీ.

విదేశాల్లో ఉన్నవాళ్ల సంగతి కోనసీమకు మరీ ముఖ్యం. కువైట్‌లో పనిచేస్తూ భారత పాస్‌పోర్టు ఉన్న అక్క పంపిన డబ్బు విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బాబాయి పంపింది విదేశీ విరాళమే, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 3వ సెక్షన్ ప్రకారం అభ్యర్థులూ పార్టీలూ అలాంటిది తీసుకోకూడదు. డబ్బే కాదు, వస్తువులూ విరాళం కిందకే వస్తాయి. డల్లాస్ నుంచి పార్సిల్‌లో వచ్చిన టోపీల పెట్టె ఎంత ప్రేమతో వచ్చినా తిప్పి పంపేయండి.

7. పంచకుండా అమ్మితే?

'ఊరికే ఇవ్వడం లేదు, అమ్ముతున్నాం, ఇక ఖర్చెక్కడిది?' ఈ ప్రశ్న ఈ మధ్య బాగా వినిపిస్తోంది. అభ్యర్థి కార్యాలయం ముందు బల్ల వేసి కండువా 30 రూపాయలకు అమ్మారనుకుందాం. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ అడిగేది పెట్టిన ఖర్చు, పెట్టడానికి అనుమతించిన ఖర్చు. వచ్చిన డబ్బును అందులోంచి తీసేసి మిగతాది చూపించండి అని ఎక్కడా లేదు. కాబట్టి 60,000 పెట్టి కొన్న కండువాలు 60,000 గానే ఖర్చులో ఉంటాయి. అమ్మితే వచ్చిన డబ్బు ఎన్నికల ఖాతాలో జమ అవుతుంది, రాబడి వైపు కనిపిస్తుంది. నంబర్లు వేసిన రసీదు పుస్తకం పెట్టండి. గల్లాపెట్టెలో పడ్డ నోట్లతో సాయంత్రం టీలు, టిఫిన్లు తెప్పించడం మొదలైతే ఆ లెక్క ఇక ఎవరూ తేల్చలేరు. నా మట్టుకు, ఎన్నికల నెలలో అభ్యర్థి బల్ల వేసి అమ్మడమే అనవసరం. లాభం పిసరంత, కాగితాలు బోలెడు.

పార్టీయే అమ్మితే దారి వేరు. ఆ డబ్బు పార్టీ ఏడాది ఆడిట్ లెక్కల్లో ఆదాయంగా కనిపించాలి. ఇక్కడ చాలామంది ఆడిటర్లు కూడా తేలిగ్గా దాటేసే సంగతి ఒకటుంది. 1961 ఆదాయపు పన్ను చట్టం 13ఎ సెక్షన్‌లో పార్టీలకు మినహాయింపు దక్కే ఆదాయాలు ఇంటి అద్దెలు, మూలధన లాభాలు, ఇతర మార్గాల ఆదాయం, స్వచ్ఛంద విరాళాలు. వ్యాపార లాభం ఆ వరుసలో లేదు. క్రమం తప్పకుండా దుకాణంలా నడిపే అమ్మకాల లాభానికి మినహాయింపు దానంతటదే వస్తుందనుకోకండి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమలవుతోంది, సెక్షన్ నంబర్లు మారాయి, రిటర్ను వేసే ముందు కొత్త నంబర్లు చూసుకోండి.

100 రూపాయల టోపీని అభిమానంతో 5,000 ఇచ్చి కొన్నవాళ్ల సంగతి? వెలకు మించి ఇచ్చిన 4,900ను విరాళంగా రాయమంటాను. అప్పుడు విరాళాల నిబంధనలన్నీ వర్తిస్తాయి: 2,000 దాటిన విరాళం నగదుగా తీసుకుంటే పార్టీకి పన్ను మినహాయింపు పోతుంది. ఏడాదిలో ఒకరు 20,000 దాటి ఇస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 29సి సెక్షన్ ప్రకారం పేరుతో సహా ఎన్నికల సంఘానికి నివేదిక వెళ్లాలి.

ఇక స్వతంత్రంగా అమ్ముకునే కొట్టువాడికి ఎన్నికల లెక్కతో పనిలేదు, అతనిది వ్యాపారం. అన్ని రంగులూ అమ్ముకోవచ్చు. ఎవరికెంత అమ్మాడో బిల్లు పుస్తకం సరిగ్గా పెట్టుకుంటే చాలు. అధికారులు వచ్చి అడిగితే చూపించాల్సింది అదే.

8. సరుకు రోడ్డెక్కాక

మూటలతోపాటు బిల్లు నకలు డ్రైవరు దగ్గర ఉండాలి. విలువ 50,000 దాటితే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే జీఎస్టీ ఈ-వే బిల్లు కూడా, మన ఉదాహరణలోని 82,500 సరుకుకు అది కావాలి. రావులపాలెం దగ్గరో సిద్ధాంతం వంతెన దగ్గరో తనిఖీ బృందం ఆపితే ముందు అడిగేది ఈ కాగితాలే.

ప్రచార సామగ్రి ఉన్న బండిలో 50,000కు మించి నగదు ఉంటే స్వాధీనం చేసుకుంటారు. ఓటర్లకు ఎర వేయడానికనిపించే కానుకలు 10,000 విలువ దాటినా అంతే. అందుకే కండువాల బండిలో కూలీలకిచ్చే డబ్బు కట్ట పెట్టి పంపకండి. పట్టుకున్నది సక్రమమైన సరుకే అయితే విడిపించుకోవడానికి జిల్లాలో ముగ్గురు అధికారుల కమిటీ ఉంటుంది, బిల్లులు పట్టుకుని అక్కడికి వెళ్లాలి.

9. అవతలివాళ్లు రాసే రిజిస్టరు

మీరు రాసేది ఒకటి, అధికారులు మీ గురించి రాసేది మరొకటి. దాన్ని షాడో రిజిస్టరు అంటారు. ర్యాలీలను వీడియో తీస్తారు, ఆ వీడియో చూసి కండువాలు, టోపీలు, జెండాలు లెక్కకడతారు. పార్టీలతో మాట్లాడి జిల్లా ఎన్నికల అధికారి ముందే ఖరారు చేసిన ధరల జాబితాతో గుణిస్తారు. ఆ జాబితా నకలు మొదటి రోజే తెచ్చుకుని గోడకు అంటించండి.

మన ఉదాహరణకే వద్దాం. జాబితాలో కండువా 25 అని ఉంది, మీరు కొన్నది 20కి. షాడో రిజిస్టరులో 3,000 కండువాలు 75,000గా ఎక్కాయి, మీ పుస్తకంలో 60,000. ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు రిజిస్టరు తనిఖీకి పట్టుకెళ్లాలి, ఈ 15,000 తేడా బయటపడేది అక్కడే. నోటీసు వస్తే 48 గంటల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. సైజు, రంగులు, కుట్టు అన్నీ ఉన్న బిల్లు, చెక్కు వివరం, కొట్టు జీఎస్టీ నంబరు జతచేస్తే వాదించడానికి ఆధారం ఉంటుంది. 'ప్రచార సామగ్రి' అని గంపగుత్తగా రాసిన బిల్లుతో వెళ్తే జాబితా ధరే ఖాయం అనుకోండి. నోటీసుకు బదులివ్వకుండా ఊరుకున్నా ఒప్పుకున్నట్టే తీసుకుంటారు.

సంఖ్య మీద తేడా వస్తే స్టాకు పుస్తకం అక్కరకొస్తుంది. మండపేటలో ఉదయం కట్టుకున్న కండువాలే సాయంత్రం కొత్తపేట సభలోనూ కనిపిస్తాయి. అవి రెండుసార్లు లెక్కలో పడ్డాయని చూపడానికి నోటి మాట పనికిరాదు.

10. ఫలితం వచ్చాక

గెలిచినా ఓడినా డిపాజిట్ పోయినా, ఫలితం ప్రకటించిన నాటి నుంచి 30 రోజుల్లోపు లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. 2024లో ఫలితాలు జూన్ 4న వచ్చాయి, గడువు జులై 4తో ముగిసింది. దానికి ముందు, 26వ రోజున లెక్కలు సరిచూసే సమావేశం పెడతారు. షాడో రిజిస్టరుతో తేడాలు తేల్చుకోవడానికి అదే చివరి అవకాశం, ఓడిపోయిన నిరుత్సాహంలో దాన్ని ఎగ్గొట్టకండి.

ఇవ్వాల్సినవి: మూడు రంగుల రిజిస్టరు, సంక్షిప్త నివేదిక, అఫిడవిట్, నంబర్లు వేసిన వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్. సంక్షిప్త నివేదికలో పోస్టర్లు, బ్యానర్లతోపాటు ప్రచార సామగ్రికి ప్రత్యేక షెడ్యూలు ఉంటుంది. సభల కోసం వాడినవి సభల షెడ్యూలులో చూపిస్తే ఇక్కడ మళ్లీ రాయొద్దు. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

సరైన కారణం లేకుండా ఇవ్వకపోయినా, పద్ధతి ప్రకారం ఇవ్వకపోయినా ప్రజాప్రాతినిధ్య చట్టం 10ఎ సెక్షన్ కింద మూడేళ్లు పోటీకి అనర్హులు. పరిమితి దాటితే అది అవినీతి చర్య, ఎన్నిక రద్దుకు కారణం కావచ్చు. పార్టీకి గడువు వేరు: అసెంబ్లీ ఎన్నికలైతే 75 రోజులు, లోక్‌సభ అయితే 90.

పంచాయతీ ఎన్నికల లెక్క ఇందులో కలపకండి. అవి రాష్ట్ర ఎన్నికల సంఘం నడిపేవి, పరిమితులు వేరు, పార్టీ గుర్తులతో జరిగేవి కావు.

మీరిచ్చిన లెక్కను ఎవరైనా ఒక్క రూపాయి రుసుము కట్టి చూడొచ్చు, ప్రత్యర్థి మనుషులు చూస్తారు కూడా. ఎన్నికల పిటిషన్ వేయడానికి హైకోర్టులో వాళ్లకు 45 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు దాటి, పిటిషన్ ఏదీ లేదని తేలేదాకా బిల్లుల నకళ్లు, స్టాకు పుస్తకం, అనుమతి పత్రాలు ఎవరికీ ఇవ్వకుండా ఒకే బీరువాలో ఉంచండి.